ఇంటిపనే వ్యాయామమట!

“ఆడవాళ్ళకి వేరే వ్యాయామం ఎందుకమ్మా! ఇంటిపనిని మించిన వ్యాయామం ఉందా?”

ఈ మాట మొట్టమొదట అన్న మహానుభావుడెవరో గాని, జన్మలో ఒక్కపూటైనా అంట్లు తోమిన మనిషి మాత్రం అయివుండడు. తోమిన వాళ్ళెవరూ అలా అనరు. అంట్లు తోమితే నడుం పట్టేస్తుందే గాని సన్నబడదని వాళ్ళకి బాగా తెలుసు.

పైగా ఈ మాట ఒంటరిగా తిరగదు. దానికి ఇద్దరు తోడికోడళ్ళున్నారు. ఒకటి, “మా అమ్మమ్మ ఏ జిమ్ముకెళ్ళింది? తొంభై ఏళ్ళు నిక్షేపంలా బతకలేదూ!” రెండోది, “తిండి తగ్గించు, ఒళ్ళు అదే తగ్గుతుంది.” ఈ మూడు మాటలూ కలిసి మన మధ్యతరగతి ఇల్లాళ్ళకి చేస్తున్న అపకారం ఇంతా అంతా కాదు. పైకి చూస్తే మూడూ హితవు మాటల్లాగే ఉంటాయి. చెప్పేవాళ్ళూ మన మంచి కోరేవాళ్ళే. అదే వచ్చిన చిక్కు!

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది, తెలంగాణాలో 30.1 శాతం మంది ఎత్తుకి తగ్గదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద చూస్తే ఆ అంకె 24 శాతమే. అంటే ఈ విషయంలో మన తెలుగువాళ్ళం దేశానికంటే ముందున్నామన్నమాట! “చూశారా, ఆడవాళ్ళు కూర్చుని తింటున్నారు” అని అప్పుడే తీర్పు చెప్పేయకండి. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణాలో 57.6 శాతం స్త్రీలకి ఒంట్లో రక్తం చాలినంత లేదు. ఒకపక్క ఒళ్ళు పెరుగుతోంది, ఇంకోపక్క రక్తం చాలడం లేదు. లావుగా ఉండి, రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడి, కళ్ళు తిరుగుతున్నాయనే ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇది తిండి ఎక్కువై వచ్చిన జబ్బేనా? తినే తిండి తప్పుగా ఉండి, ఒళ్ళు వంచే పని అసలు లేక వచ్చిన జబ్బు కాదూ?

సరే, అమ్మమ్మగారి సంగతికి వద్దాం. అమ్మమ్మ వడ్లు దంచింది. రుబ్బురోలు ముందు గంటసేపు కూర్చుని పప్పు రుబ్బింది. నూతిలోంచి నీళ్ళు చేది బిందెలు మోసింది. చెరువుకి నడిచి వెళ్ళి బండమీద బట్టలు బాదింది. ఇప్పుడు దంచడం మిల్లుకి పోయింది, రుబ్బడం గ్రైండరుకి పోయింది, నూరడం మిక్సీకి పోయింది. నీళ్ళు కుళాయిలోకి వచ్చాయి, చెరువు వాషింగ్ మెషీనులోకి వచ్చింది. రుబ్బురోలు పోయినందుకు నేనేం కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. మళ్ళీ తెచ్చుకోమని ఉపదేశించే పెద్దమనుషులుంటే ముందు వాళ్ళు ఒక నెల్లాళ్ళు రుబ్బి చూపించాలి. నేననేదేమిటంటే, ఇంటిపనిలోంచి బరువు పోయింది గాని నిడివి పోలేదు. పొద్దున్న పాలు కాచింది మొదలు రాత్రి పాలు తోడువేసేదాకా పని అలాగే ఉంది. అందులో గుండెకీ కండకీ పనికొచ్చే భాగం కాస్తా యంత్రాలు పట్టుకుపోయాయి. మిగిలిందల్లా నిలబడడం, విసుగు.

ఇంకో సంగతి. తొంభై ఏళ్ళు బతికిన అమ్మమ్మే అందరికీ ఉదాహరణగా దొరుకుతుంది. ముప్ఫై అయిదో ఏట ఆరో కాన్పులో పోయిన అమ్మమ్మని ఎవరూ ఉదాహరణ చెప్పరు. పాపం, ఆవిడా రుబ్బింది, ఆవిడా బిందెలు మోసింది!

అలసట వేరు, వ్యాయామం వేరు. వ్యాయామం అంటే గుండె కాస్త గబగబా కొట్టుకోవాలి. ఊపిరి ఎలా ఉండాలంటే, పక్కమనిషితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. లేదంటే, కండకి రోజూ మోసే బరువుకంటే మరికాస్త బరువు తగలాలి. పొయ్యి దగ్గర మూడు గంటలు నిలబడితే కాళ్ళు లాగుతాయి, మడమలు నొప్పెడతాయి, ఊపిరి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కావాలంటే పోపు వేస్తూ ఒక పాట అందుకుని చూడండి, చరణాలతో సహా వచ్చేస్తుంది!

న్యాయం చెప్పాలి కనక చెబుతున్నాను. ఇంటిపనిలో వ్యాయామం బొత్తిగా లేదనడం లేదు. గొంతుక్కూర్చుని ఇల్లంతా తడిబట్ట పెట్టడం, బకెట్లతో మెట్లెక్కడం, దుప్పట్లు ఉతికి పిండి ఆరెయ్యడం — ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కదిలిన ప్రతి కదలికా మంచిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పనే చెప్పింది. కాని మన ఇళ్ళల్లో ఆ పనులు చేసేదెవరు? పనిమనిషి. ఇంటిపని వ్యాయామమైతే, ఆ వ్యాయామం ఆవిడకి అప్పగించి, నిలబడి చేసే పని మనం ఉంచుకున్నాం.

“మా అమ్మాయి సన్నగానే ఉందిగా, దానికెందుకీ గొడవ?” అంటారా? సన్నదనాన్ని చూసి మోసపోవద్దు. పూనాలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అని ఒక డాక్టరుగారు, లండన్‌లో జాన్ యుడ్కిన్ అని ఇంకో డాక్టరుగారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరూ తమ ఫోటో వేసుకుని, తమ ఒంటి లెక్కలు పక్కపక్కన చూపించారు. ఎత్తుకీ బరువుకీ పొంతన చూసే అంకె ఇద్దరికీ ఒకటే, 22.3. అంటే చూడడానికి ఇద్దరూ లావు కానివాళ్ళే. ఒంట్లో కొవ్వు మాత్రం దొరగారికి 9.1 శాతం ఉంటే మన డాక్టరుగారికి 21.2 శాతం ఉంది! ఆయన మారథాన్ పరుగులు పరిగెత్తే మనిషి. తనకున్న వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరిగెత్తి దూరడమేనని యాజ్ఞిక్‌గారు తనమీద తనే చమత్కరించారు. పైకి సన్నం, లోపల వెన్న. మన దేశపు మనిషి ఒంటి తీరు అది. చిన్న వయస్సులోనే చక్కెర వ్యాధి మన గుమ్మం తొక్కడానికి అదీ ఒక కారణమే.

ఈ విషయంలో మనకి చీర చేసే మేలు కూడా ఒకటుంది. లంగా బొందు ఎంత వదులైనా అవుతుంది, కుచ్చిళ్ళు ఎన్నయినా తగ్గుతాయి. జాకెట్టు బిగిసినప్పుడే, అదీ చేతుల దగ్గర బిగిసినప్పుడే మనకి తెలివొస్తుంది. అంచేత కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తీసి, నడుం చుట్టూ పెట్టి చూసుకోండి. మన దేశపు స్త్రీకి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే, బరువు ఎంతున్నా సరే జాగ్రత్తపడవలసిందే.

ఇక “తిండి తగ్గించు” అనే హితవు. ఇల్లాలు తిండి ఎలా తగ్గిస్తుందో చూడండి. పొద్దున్న టిఫిన్ మానేస్తుంది. అందరికీ పెట్టేసరికి పదకొండవుతుంది కనక ఆ మానడం సులువే. “పారేస్తే పాపం” అని పిల్లలు వదిలేసిన రెండు ఇడ్లీలు నించుని తింటుంది. అవి లెక్కలోకి రావు, ఎందుకంటే ఆవిడ కంచం పెట్టుకోలేదు! మధ్యాహ్నం అందరూ తిన్నాక కూర గిన్నెలో అడుగే మిగులుతుంది, పప్పు పలచబడి ఉంటుంది. అన్నం మాత్రం కావలసినంత ఉంటుంది. అందులో ఆవకాయ కలుపుకుని, మజ్జిగ పోసుకుని కడుపు నింపుకుంటుంది. శనివారం ఉపవాసమంటే అన్నం మాని, నెయ్యి వేసిన ఉప్మా. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు, ఆ తరువాత పులిహోర. భక్తితో చేసే ఉపవాసానికి నేను అడ్డు చెప్పను. దాన్ని పథ్యం ఖాతాలో రాయొద్దంటున్నాను.

ఈ కంచంలో ఎక్కువైనది అన్నం, నూనె. తక్కువైనవి పప్పు, కూర, గుడ్డు, పెరుగు, పండు. “తిండి తగ్గించు” అన్నప్పుడు ఆవిడ తగ్గించేది మాత్రం ఆ తక్కువైన వాటినే! హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూత్రాలు విడుదల చేసింది. ఒంటికి కావలసిన శక్తిలో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదని అందులో చెప్పారు. మన దేశంలో చాలామంది తినే తిండిలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందిట. మాంసకృత్తులు మనిషి బరువులో కిలోకి 0.83 గ్రాముల చొప్పున కావాలని ఆ సంస్థ 2020 లెక్క. అరవై కిలోల ఇల్లాలికి రోజుకి 50 గ్రాములన్నమాట. ఒక గుడ్డుకి ఆరు గ్రాములు, గ్లాసుడు పాలకి ఆరో ఏడో, ఒక మనిషికి వచ్చే 30 గ్రాముల కందిపప్పుకి ఏడు. చారుగిన్నె అడుగున తేలే నాలుగు పప్పు బద్దలకి ఎంతో మీరే లెక్క వేసుకోండి. అలాగని డబ్బాల్లో అమ్మే పొడుల వెంట పడనక్కర్లేదు. వాటి జోలికి పోవద్దనే ఆ సంస్థ కూడా చెప్పింది.

తిండి మాడ్చుకుంటే ఏమవుతుందో మగవాళ్ళ మీద చేసి చూసిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలపాటు సగం తిండి పెట్టాడు. యుద్ధం వల్ల ఆకలికి మాడినవాళ్ళని తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం కోసం చేసిన పని అది. రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి, వారానికి 22 మైళ్ళ నడక. బరువులో నాలుగో వంతు పోయింది. దాంతోపాటు బలం పోయింది, ఉత్సాహం పోయింది. ఒళ్ళు చల్లబడింది, చీటికీమాటికీ చిరాకు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు చదవడమే! తిరిగి కడుపునిండా పెట్టేసరికి కండకంటే ముందు కొవ్వు వచ్చి కూర్చుంది. ఆ పరిస్థితిలో ఉన్న మగవాణ్ణి శాస్త్రజ్ఞులు పరిశీలించి పుస్తకం రాశారు. అదే పరిస్థితిలో ఉన్న ఆడదాన్ని చూసి “ఈవిడకి ఊరికే కోపం” అంటాం.

మేనకోడలి పెళ్ళి ముందు నెలరోజులు నిమ్మనీళ్ళ మీద బతికి అయిదు కిలోలు తగ్గిన ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే. పోయిన అయిదు కిలోల్లో నీరుంది, కండ ఉంది, కొవ్వూ ఉంది. పెళ్ళయ్యాక తిరిగొచ్చేదాంట్లో కొవ్వే ఎక్కువ. ఇలా ఏడాదికో పెళ్ళి చొప్పున చేస్తే, బరువు అంతే ఉన్నా లోపల సరుకు మారిపోతుంది. ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ కండ మెల్లమెల్లగా ఎలాగూ తరుగుతుంది. ముట్లు ఆగిపోయాక ఎముకా గుల్లబారుతుంది. అన్నంలోంచి వచ్చిన చక్కెరని రక్తంలోంచి లాగి వాడుకోవడంలో పెద్దపని చేసేది కండే. ఆ కండని మనం మాడ్చి చంపుకుంటే, తిన్న గుప్పెడన్నం కూడా నడుం చుట్టూ చేరకేం చేస్తుంది?

అయితే నడిస్తే చాలునా? చాలదు. అరవై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచాడు నూనెలోనూ అంతే ఉంటుంది. కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. తిండి ఏమీ మార్చకుండా ఒక్క నడక మీదే ఆధారపడితే కిలో తగ్గడానికి రెండు నెలలు పడుతుంది. అదీ పార్కు గేటు దగ్గర వేడివేడి బజ్జీలు తినకుండా ఉంటేనే! కనక తిండి వల్ల కొవ్వు తగ్గాలి, వ్యాయామం వల్ల కండ నిలవాలి. రెండెడ్ల బండి ఇది. ఒక ఎద్దునే కట్టి అదిలిస్తే బండి గుండ్రంగా తిరుగుతుంది గాని ముందుకి పోదు.

ఎంత వ్యాయామం అంటారా? వారానికి కనీసం 150 నిమిషాలు ఊపిరి వేగం పెరిగే నడకో, ఈతో, సైకిలో. దానికితోడు వారానికి రెండురోజులు కండకి బరువు తగిలే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కే ఇది. బరువు అనగానే “మగరాయుళ్ళలా తయారవుతామేమో” అని భయపడేవాళ్ళున్నారు. మన శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకేసారి 130 కిలోలు నెత్తిమీదికెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ స్త్రీ ఆవిడ. మనల్నెవరూ 130 కిలోలు ఎత్తమనడం లేదు. రెండు సీసాల నిండా నీళ్ళు పోసి రెండు చేతులా ఎత్తండి. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేవండి. గోడకి చేతులానించి ఒంటిని వెనక్కి తోయండి. మోకాళ్ళ నొప్పులూ, రక్తపోటూ, థైరాయిడూ ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి. ఇప్పుడు బరువు తగ్గించే సూదిమందులు కూడా వచ్చాయి. అవి డాక్టరు చూసి ఇవ్వవలసినవి. వాటితో తగ్గినా కొవ్వుతోపాటు కండా పోతుంది కనక ఈ సీసాలూ కుర్చీలూ అప్పుడూ తప్పవు.

ఇదంతా విని మీరనబోయే మాట నాకు తెలుసు. “అన్నీ బాగానే ఉన్నాయి గాని, టైమేదీ?”

అక్కడికే వస్తున్నాను. అసలు తగువంతా దానిమీదే! ప్రభుత్వంవారు 2019లో దేశమంతా తిరిగి, ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో లెక్క రాశారు. జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీ రోజుకి 299 నిమిషాలు పెడితే, చేసే పురుషుడు 97 నిమిషాలు పెడుతున్నాడు. ఇంకో లెక్క 2022ది. మన దేశంలో చాలినంత ఒళ్ళు వంచని స్త్రీలు 57 శాతమైతే, పురుషులు 42 శాతం. రెండూ కలిపి చదవండి. ఇంట్లో మూడురెట్లు పని చేసేవాళ్ళకే వ్యాయామం చాలడం లేదు! ఇంటిపనే వ్యాయామమైతే ఈ అంకెలు తలకిందులు కావలసింది కాదూ?

పొద్దున్నే బూట్లు తొడుక్కుని చేతులు ఊపుకుంటూ పార్కుకెళ్ళే పెద్దమనుషుల్ని చూడండి. మంచి అలవాటే, నేను కాదనను. ఆయన తిరిగొచ్చేసరికి కాఫీ పొగలు కక్కుతూ బల్లమీద ఉండాలి. ఆయన నడక ఆయన కాళ్ళమీద సాగుతోందని అందరూ అనుకుంటారు. ఆవిడ అరగంట మీద సాగుతోంది. ఆ అరగంటే ఆవిడకి లేకుండా పోయింది. చురుకైన భర్తా, చక్కెర వ్యాధి ఉన్న భార్యా ఒకే కప్పు కింద కనిపిస్తే విధి అనుకోకండి. గోడ గడియారం వంక చూడండి.

కనక నేను చెప్పొచ్చేదేమిటంటే, తిండికీ వ్యాయామానికీ సమతూకం కావాలంటే ముందు ఇంట్లో గంటలకి సమతూకం రావాలి. త్రాసు కాడ ఎవరి చేతిలో ఉందో తేలకుండా పళ్ళేల గురించి మాట్లాడి లాభం లేదు. “ఏమండీ, రేపట్నుంచి ఆరింటికి నేను నడకకి వెళుతున్నాను. పాలు మీరు కాచండి” అని చెప్పండి. “అత్తయ్యా, ఇవాళనుంచి అందరం ఒకేసారి కూర్చుందాం, గిన్నెలు మధ్యలో పెడతాను, ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు” అనండి. మిగిలిన ఇడ్లీలు ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం ఎవరికి ఆకలేస్తే వాళ్ళు తింటారు. పప్పు ముందు మీ కంచంలో వేసుకోండి. కూర అన్నంతో సమానంగా పెట్టుకోండి. ఇందులో స్వార్థమేమీ లేదు. రేపు మోకాళ్ళు అరిగి మంచాన పడితే చాకిరీ చెయ్యవలసింది ఎలాగూ ఆ ఇంట్లోవాళ్ళే.

మొదటి వారం కాఫీ పలచగా ఉంటుంది. పాలు ఒకరోజు పొంగిపోతాయి. పక్కింటావిడ “పొద్దున్నే ఎక్కడికీ ప్రయాణం?” అంటుంది. ఆవిణ్ణి కూడా రమ్మనండి. ఇద్దరున్నప్పుడు మానడం కష్టం. ఆడపిల్లలుంటే వెంట తీసుకెళ్ళండి, మగపిల్లలుంటే పాల దగ్గర నిలబెట్టండి.

“నువ్వలా వెళ్ళిపోతే సంసారం మునిగిపోదూ?” అని ఇంట్లో ఎవరో ఒకరు అడగకపోరు. ఆ అరగంటలో మునిగిపోయే సంసారమైతే దానికి చిల్లు ఎప్పుడో పడిందన్నమాట. అందరూ కలిసి పూడ్చవలసిన చిల్లుని ఒక్కతే కూర్చుని జన్మంతా తోడిపోస్తూ ఉండడాన్ని వ్యాయామమంటారేమో, నాకు తెలియదు!